మానసిక ఆసుపత్రిలో చేరిస్తే ఇక బయటికి రానివ్వరా?

లేదు, ఇప్పటి చట్టం ప్రకారం అలా ఉంచేయలేరు. కానీ ఆ భయం ఊరికే పుట్టలేదు. బ్రిటిష్ వాళ్లు 1858లో, మళ్లీ 1912లో తెచ్చిన చట్టాలు వైద్యం కన్నా కాపలాకే ఎక్కువ విలువిచ్చాయి. మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో మనిషిని లోపల పెట్టేవారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1912 చట్టమే దశాబ్దాలు నడిచింది. 1987లో చేసిన కొత్త చట్టం అమల్లోకి వచ్చింది 1993లో!

ఈలోగా, 1950లలో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వచ్చింది. లేని గొంతులు వినిపించడం, భ్రమలు తగ్గి, చాలామందికి ఇంట్లో ఉంటూనే మందులు వాడుకునే వీలు కలిగింది. మరి మందు అందనివాళ్లు? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. ఇది చెప్పకుండా ఈ చరిత్ర చెప్పడం అన్యాయమని నా ఉద్దేశం.

ఇప్పుడు అమల్లో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. మత్తు ఇవ్వకుండా చికిత్సగా కరెంటు షాక్ ఇవ్వకూడదు. సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నవారిని చేర్చినా మొదట 30 రోజులే, ఆపైన ఉంచాలంటే ఈ చట్టం కింద ఏర్పాటయ్యే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి కావాలి. తనకు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసి పెట్టుకునే హక్కూ ఉంది. ఇన్సూరెన్స్ కూడా మిగతా జబ్బులతో సమానంగా ఇవ్వాలి.

టెన్షన్‌గా ఉన్నా, ఎవరితోనైనా మాట్లాడాలనిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయవచ్చు, ఉచితం.