ఫ్రాన్స్‌లోని ఆల్ప్ దుయెజ్ కొండదారిని సైకిల్ మీద ఎక్కినవాళ్లు అక్కడి వాంటూ, ఇటలీలోని స్టెల్వియో, జోంకొలాన్ కూడా ఎక్కగలరా?

వాంటూ, స్టెల్వియో ఎక్కగలరు. జోంకొలాన్ సంగతి మాత్రం మీ సైకిల్ గేర్లు చూశాకే చెప్పాలి. ఈ నాలుగూ ఎక్కాను కాబట్టి చెబుతున్నా. నేను రేసర్‌ని కాదు, సెలవుల్లో తొక్కేవాణ్ణి.

ఆల్ప్ దుయెజ్‌కి ఉన్న పేరు దాని కష్టానికి మించినది. 13.8 కిలోమీటర్లు, సగటు గ్రేడియంట్ (వాలు) 8 శాతం పైచిలుకు, అంటే వంద మీటర్లకి ఎనిమిది మీటర్ల పైన ఎత్తు. మొదటి రెండు కిలోమీటర్లే బాగా నిటారు. తర్వాత మలుపు మలుపుకీ రోడ్డు కాస్త చదునవుతుంది, కాళ్లు తేరుకుంటాయి. 21 మలుపులకీ నంబర్ బోర్డులున్నాయి, ఎంత మిగిలిందో తెలుస్తూనే ఉంటుంది. మనసుకి అదో పెద్ద ఊరట.

వాంటూ దగ్గర ఆ ఊరట ఉండదు. బెదువాఁ ఊరి వైపు నుంచి సగటు 7.5 శాతమే కదా అనిపిస్తుంది గానీ, మొదటి ఐదారు కిలోమీటర్లు తేలికగా ఉండి ఆ సగటును కిందికి లాగుతున్నాయి. అవి దాటి అడవిలోకి వెళ్లాక శిఖరానికి ఆరు కిలోమీటర్ల ముందున్న షాలే రేనార్ అనే చోటు దాకా 9, 10 శాతం ఆగకుండా సాగుతుంది. మలుపులు లేవు, చూడ్డానికి చెట్లు తప్ప ఏమీ లేదు. నాకు అన్నిటికంటే విసుగు పుట్టించింది ఆ భాగమే. ఆపైన చివరి ఆరు కిలోమీటర్లు బోడి రాళ్లు, గాలి. 2016 టూర్ ద ఫ్రాన్స్ రేసులో ఆ గాలికి భయపడే ఫినిష్‌ని షాలే రేనార్‌కి దించారు.

స్టెల్వియోలో ప్రాతో ఊరి వైపు 24 కిలోమీటర్లు, 48 మలుపులు. వాలు ఓ మోస్తరే. శిఖరం 2,757 మీటర్లు కాబట్టి అసలు ఇబ్బంది ఊపిరిది. రెండు వేల మీటర్లు దాటాక అంతే కష్టపడుతున్నా పవర్ మీటర్‌లో (కాళ్లు ఎంత శక్తి పెడుతున్నాయో చూపే పరికరం) వాట్స్ పడిపోతుంటాయి. మొదట్లోనే తగ్గించి తొక్కితే గట్టెక్కుతారు.

ఒవారో ఊరి వైపు నుంచి జోంకొలాన్ కథ వేరు. పదే కిలోమీటర్లు, సగటు 12 శాతానికి దగ్గర, కొన్నిచోట్ల 20 దాటుతుంది. మనిషీ సైకిలూ కలిపి 83 కిలోలనుకోండి. ముందు 34, వెనక 28 పళ్ల గేర్‌తో నిమిషానికి 60 సార్లు తొక్కాలంటే, 12 శాతం మీద సుమారు 250 వాట్స్ కావాలి. అదీ గంటకు పైగా. వెనక 34 పళ్లు వేస్తే దాదాపు 210కి దిగుతుంది. సైకిల్‌కి అలాంటి పెద్ద వెనక గేర్ వేయించుకునే వీలు లేకపోతే సుత్రియో ఊరి వైపు నుంచి వెళ్లండి, సగటు 9 శాతం దగ్గరే. చివరి మూడు కిలోమీటర్లు మాత్రం అక్కడా నిర్దయగానే ఉంటాయి.