న్యూట్ ఉపజాతులన్నిటికీ 24 క్రోమోజోములే అయితే తేడా ఎక్కడుంది?

క్రెస్టెడ్ న్యూట్ (బల్లిలా కనిపించే, తోక ఉన్న ఉభయచర జీవి) ఉపజాతులన్నిటిలోనూ 24 క్రోమోజోములే కదా, మరి వాటి క్రోమోజోములు వేరని ఎలా అంటారని అడిగారు. గుంటూరులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఇదే తికమకలో పడి రికార్డు మీద ఎర్రగీత వేయించుకున్నాను.

న్యూట్లు మన వైపు దొరకవు, చూడాలంటే డార్జిలింగ్ లాంటి కొండలకు పోవాల్సిందే. అందుకని మా ప్రాక్టికల్‌కి మిరప మొగ్గలు. మిరపకీ 24 క్రోమోజోములే లెండి. తేజ ఒకటి, బ్యాడిగ ఒకటి. మిరియం గింజంత మొగ్గల్ని ఆల్కహాల్, అసిటిక్ యాసిడ్ కలిపిన దాంట్లో నానబెట్టి, పరాగకోశాన్ని అసిటోకార్మైన్ అనే ఎర్ర రంగు చుక్కలో నలిపి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నొక్కాలి. వేలు కాస్త జారిందా, అంతా ముద్దే. ఎన్నో స్లయిడ్లు పాడయ్యాక రెండింట్లోనూ 12 జతలు తేలాయి. హమ్మయ్య అనుకుని "తేడా లేదు" అని రాసేశాను. మేడం ఆ మాట కొట్టేసి, "లెక్కపెట్టావు సరే, చూశావా?" అన్నారు.

న్యూట్లలో కూడా అసలు పని లెక్కపెట్టడం కాదు, క్రోమోజోముల రూపం చూడడమే. ఆడ న్యూట్ అండమాతృకణాల్లో క్రోమోజోములు బాగా సాగి, రెండు పక్కలా లూపులు విప్పుకుని, వెనకటి లాంతరు గ్లాసు తుడిచే బ్రష్‌లా కనిపిస్తాయి. లాంప్‌బ్రష్ అన్న పేరు అందుకే. ఏ లూపు ఎక్కడుంది, ఎలా ఉంది అన్నది ఉపజాతిని బట్టి మారుతుందని 1960లో కాలన్, లాయిడ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. అంతకుముందే, 1951లో, కాలన్, హెలెన్ స్పర్వే రెండు ఉపజాతులకు పుట్టిన సంకర న్యూట్లలో క్షయకరణ విభజనను (క్రోమోజోములు జతకట్టి, వాటి సంఖ్య సగమయ్యే కణవిభజన, మియోసిస్) పరిశీలించారు. లెక్క సరిపోయినా కొన్ని క్రోమోజోములు జత కుదరక ఒంటరిగా మిగిలిపోయాయి. (ఈ స్పర్వే ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ గారి భార్య. 1957లో ఇద్దరూ మన దేశానికి వచ్చేశారు. 1964లో పోయిన హాల్డేన్ దేహం ఆయన కోరిక ప్రకారం మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది.)

ఒక్క చోట మాత్రం మోసపోకండి. వీటిలో 1వ జత క్రోమోజోములు రెండూ ఒకే జంతువులోనే ఒకదానికొకటి పోలవు. వాటిని 1ఎ, 1బి అంటారు. రెండూ ఎ అయినా, రెండూ బి అయినా పిండం బతకదు. అందుకే పెట్టిన గుడ్లలో సగం పోతాయి. ఇంత నష్టాన్ని ఆ జీవులు ఎలా భరిస్తున్నాయో నాకైతే ఇప్పటికీ వింతే. ఆ తేడా ఉపజాతులది కాదు, ప్రతి న్యూట్‌లోనూ ఉండేదే. పోల్చేటప్పుడు 1వ జతను విడిగా పెట్టుకుని, మిగతా 11 జతలతో మొదలుపెట్టండి. ఇంకో మాట, పాత పేపర్లలో ఉపజాతులుగా కనిపించే క్రిస్టేటస్, కార్నిఫెక్స్, కరెలినీలను ఇప్పుడు వేర్వేరు జాతులుగానే లెక్కిస్తున్నారు. పేర్లు రాసేటప్పుడు చూసుకోండి.