చార కన్నా దాని అంచు చూడండి

ప్రశ్న: కొండవాలులో మూరెడు వెడల్పున తెల్లటి పలుగురాయి చార కనిపించింది. అందులో పసుపు నలుసులు మెరుస్తున్నాయి. పలుగురాయి ఉంటే బంగారం ఉన్నట్టే అంటారు కదా! ఒక ముక్క ల్యాబ్‌కి పంపమంటారా?

జవాబు: ముందు ఆ నలుసును సూదితో గట్టిగా నొక్కండి. పొడిగా చిట్లితే అది పైరైట్, అంటే ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. బంగారం చిట్లదు, సొట్ట పడుతుంది. అయినా టన్ను రాతిలో ఐదారు గ్రాములుంటే మంచి గనే అంటారు. అంత కొంచెం కంటికి ఎక్కడ ఆనుతుంది?

పలుగురాయి చారంటే నేలలోతు నుంచి పగుళ్ల వెంట ఎగదన్నిన వేడినీళ్లు వదిలేసిన సిలికా. చాలా చారల్లో చెప్పుకోదగ్గ బంగారం ఉండదు. మరీ తెల్లగా, శుభ్రంగా ఉన్నదాన్ని చూస్తే నాకు ఉత్సాహమే రాదు.

ఆ నీళ్లలో బంగారాన్ని కరిగించి మోసుకొచ్చేది ఎక్కువగా గంధకం. అది చెయ్యి వదిలిన చోటే బంగారం దిగబడుతుంది. పీడనం తగ్గి నీళ్లు ఒక్కసారిగా మరిగితే గంధకం ఆవిరితో పోతుంది. లేదా పక్క రాతిలోని ఇనుము దాన్ని లాక్కుని పైరైట్ అవుతుంది. కాబట్టి మీ నలుసులు పైరైట్ అని తేలినా పారేయకండి. అమెరికాలోని నెవాడాలో 1960ల్లో బయటపడిన కార్లిన్ గనిలో బంగారం చాలావరకు ఇలా పైరైట్ లోపలే, కంటికి కనపడకుండా దాక్కుని ఉంది.

ఇప్పుడు భూతద్దం తీసుకుని చార అంచుకి రండి. పక్క రాయి రంగు మారి, మెత్తబడి, తుప్పు మరకలు పట్టిందా? సుత్తితో కొట్టగానే వెల్లుల్లి వాసన వచ్చిందా? వస్తే అది ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. శుభసూచకమే, కానీ ఆ దుమ్ము పీల్చకండి. చారలో పల్చటి రేకులు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకున్నట్టుంటే ఇంకా మంచిది. నీళ్లు మరిగినప్పుడు ఏర్పడ్డ కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) రేకుల స్థానంలోకి తర్వాత సిలికా చేరితే అలా ఉంటుంది.

ల్యాబ్‌కి మెరిసే ముక్క ఒక్కటే ఏరి పంపితే లాభం లేదు. బంగారం రాతిలో సమంగా పరుచుకోదు. చారకి అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రెండు మూడు కిలోలు తీయండి, పక్క రాతిని వేరే సంచిలో వేయండి. బంగారానికి ఫైర్ అస్సే, అంటే రాతిపొడిని కొలిమిలో కరిగించి బంగారాన్ని వేరుచేసి కొలిచే పరీక్ష, చేయించండి. ఆర్సెనిక్, ఆంటిమొనీ అనే మూలకాలు కూడా చూడమనండి. అవి బంగారం కన్నా దూరం వ్యాపిస్తాయి. బంగారం దాదాపు లేదని రిపోర్టు వచ్చినా, అవి ఎక్కువగా ఉంటే ఆ చార వెంబడే ఇంకొంత దూరం వెతకాలి.

ప్రతి సంచి మీదా ఎక్కడ తీశారో రాయండి. ఊరూ పేరూ లేని రాళ్లు పోస్టులో పంపి, నన్ను జాతకం చెప్పమనే పాఠకులు ఇప్పటికే చాలామంది ఉన్నారు.