‘కాస్మోస్’ లాంటి ఖగోళశాస్త్ర సీరియల్‌ని మన ఇళ్లల్లో ఎవరైనా కూర్చుని చూస్తారా? చూసినవాళ్లు ఏమంటారు?

చూస్తారు. కాకపోతే నోరు మూసుకుని చూడరు. అలా చూడకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇలాంటిది చూశాక “అబ్బ, ఎంత అద్భుతం, మనిషి ఎంత అల్పుడు!” అనేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మర్నాడు పొద్దున పలకరించి అందులో ఏం చెప్పారో అడగండి. బ్లాక్ హోల్ దగ్గర మొదలుపెట్టి బ్లాక్ హోల్ దగ్గరే ఆగిపోతారు. టీవీ ముందు కూర్చుని పక్కవాడితో పోట్లాడినవాడికి మాత్రం ఏదో ఒకటి గుర్తుంటుంది. మా ఇంట్లో జరిగింది చెబుతాను, మీకే అర్థమవుతుంది.

2014 మార్చి. మాది కాకినాడ. రాష్ట్ర విభజన బిల్లు అప్పుడే పాసయింది, ఎన్నికలు నెత్తి మీదున్నాయి. ఏ ఛానెల్ తిప్పినా అవే మొహాలు, అవే అరుపులు. రిమోట్ మా బాబాయి చేతిలో ఉండేది, ఆయన చేతిలోకి వెళ్లింది మళ్లీ బయటికి రాదు. మా అబ్బాయి అప్పుడు ఏడో తరగతి. నేషనల్ జియోగ్రాఫిక్‌లో కాస్మోస్ అని వస్తోందట, చూస్తానని ఒకటే గొడవ. ఇక ఏడుపులూ అలకలూ తప్పవనుకుంటుంటే, బాబాయి మారుమాట్లాడకుండా రిమోట్ వాడి చేతిలో పెట్టేశాడు.

బాబాయి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. 1980లో ఖగోళశాస్త్రవేత్త కార్ల్ సేగన్ అమెరికా టీవీకి చేసిన పాత కాస్మోస్, దాంతోపాటు వచ్చిన పుస్తకం ఆయనకి ప్రాణం. ఆ పుస్తకం అట్ట ఎప్పుడో ఊడిపోతే, పాత క్యాలెండరు కాగితాన్ని తిరగేసి అట్ట వేసుకున్నాడు. కొత్త సీరియల్‌లో సేగన్ స్థానంలో నీల్ డిగ్రాస్ టైసన్ అనే మరో ఖగోళశాస్త్రవేత్త వచ్చాడు. “చూద్దాం, ఈయనేం చెబుతాడో” అని కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

మాటలన్నీ ఇంగ్లీషు. అమ్మ పక్కన కూర్చుని తెలుగులో చెప్పే పని నాకు పడింది. ఆవిడ పేపరు పరుచుకుని కొత్త చింతపండు గింజలు తీస్తోంది. తెర మీద టైసన్ మన చిరునామా చెబుతున్నాడు. భూమి, సౌరకుటుంబం, పాలపుంత, మన చుట్టుపక్కల గెలాక్సీల గుంపు, దాన్ని మించిన కన్యారాశి మహాసమూహం, ఆ పైన కంటికి ఆనేంత విశ్వం. నేను ఒక్కోటీ చెబుతుంటే అమ్మ తలెత్తింది.

“ఏవిటే, ఈయన సంకల్పం చెబుతున్నాడా?”

నాకు నవ్వాగలేదు గానీ, ఆవిడన్నది నిజమే. వినాయక చవితి నాడు పుస్తకం తెరిచిన ప్రతి ఇంట్లోనూ వినబడేదేగా: జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోర్దక్షిణ దిగ్భాగే, శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే. అమ్మ ఇంకో మాట కూడా అంది. “మనం పైనుంచి మొదలెట్టి ఇంటికొస్తాం. ఈయన ఇంట్లోంచి బయల్దేరి పైకి పోతున్నాడు. అయినా అడ్రసు అన్నాక పేరూ గోత్రం చెప్పాలిగా?” మా అబ్బాయి ఇదంతా విసుక్కుంటూ వింటున్నాడు, కానీ ఆ వరస వాడికి ఇప్పటికీ నోటికి వచ్చు. పరీక్ష కోసం చదివిన పాఠం ఒక్కటైనా అలా గుర్తుందా అంటే లేదు.

తర్వాత ఇటలీ తత్వవేత్త జోర్డానో బ్రూనో కథ బొమ్మల్లో వచ్చింది. విశ్వానికి అంతులేదన్నాడు, 1600లో రోములో సజీవంగా దహనం చేశారు. ఈ భాగం మీద అమెరికాలో, యూరప్‌లో చరిత్రకారులు బాగానే విరుచుకుపడ్డారు. బ్రూనో శాస్త్రవేత్త కాదు, ఆయన మీద మోపిన నేరాల్లో క్రీస్తు దైవత్వాన్ని కాదనడం లాంటి మతపరమైనవి చాలా ఉన్నాయి, టీవీవాళ్లు కథని మరీ తేలిక చేసేశారని. వాళ్లన్నది సబబే. అమ్మకి అవేవీ అక్కర్లేదు. “పాపం, ఆ పిల్లాడికి తల్లి లేదా?” అని అడిగింది.

ఇంతలో పక్కింటాయన వచ్చాడు. విద్యుత్ శాఖలో ఇంజనీరు. వార్తలు చూద్దామని వచ్చినవాడు ఇది చూసి కూర్చున్నాడు. అప్పటికి విశ్వ క్యాలెండర్ నడుస్తోంది. 1380 కోట్ల సంవత్సరాల విశ్వం వయసుని ఒక్క ఏడాదిలోకి కుదిస్తే, ఒక్కో నెల వంద కోట్ల ఏళ్ల పైచిలుకు, ఒక్కో రోజు దాదాపు నాలుగు కోట్ల ఏళ్లు. మనం రాసిపెట్టుకున్న చరిత్రంతా డిసెంబరు 31 అర్ధరాత్రికి ముందు చివరి 14 సెకన్లలో ఇమిడిపోతుంది. పక్కింటాయన చిరునవ్వు నవ్వి, “మాస్టారూ, మన బ్రహ్మగారికి ఒక్క పగలే 432 కోట్ల ఏళ్లు. రాత్రితో కలిపి 864. సైన్సు లెక్కలకి దగ్గరగా వచ్చిన మతం హిందూమతం ఒక్కటేనని మీ సేగనే ఒప్పుకున్నాడుగా” అన్నాడు. ఫోన్లో వచ్చిన మెసేజీ కూడా తీసి చూపించాడు.

బాబాయి లేచి లోపలికెళ్లి ఆ క్యాలెండరు అట్ట పుస్తకం పట్టుకొచ్చాడు. పదో అధ్యాయం. పాత సీరియల్‌లో కూడా పదో భాగమే, తమిళనాడు వచ్చి పొంగల్ పండగ చిత్రీకరించింది అందులోనే. వేలు పెట్టి చదివాడు. పక్కింటాయన చెప్పిన వాక్యం ఉంది. కాకపోతే ఆ వాక్యం మధ్యలోనే, ఈ పోలిక నిస్సందేహంగా కాకతాళీయమేనన్న ముక్క కూడా ఉంది. మెసేజీలో ఆ ముక్క లేదు.

“అది అసూయతో రాశాడండీ” అన్నాడు పక్కింటాయన.

బాబాయి గెలిచానన్నట్టు పుస్తకం మూయబోయాడు. నేను లాక్కుని ఇంకాస్త కిందకి చదివాను. చోళుల నాటి నటరాజ విగ్రహాల గురించి చెబుతూ, ఈ అందమైన రూపాలు ఆధునిక ఖగోళ భావనలకి ముందే తట్టిన సూచనలని ఊహించుకోవడం తనకి ఇష్టమని సేగనే రాశాడు. ఈ వాక్యం బాబాయి ఇన్నేళ్లలో మాకు ఒక్కసారి కూడా వినిపించలేదు. “అది కవిత్వమే, లెక్క కాదు” అన్నాడు. చూశారా, ఎవరికి కావలసిన వాక్యం వాళ్లు కత్తిరించి దాచుకున్నారు. ఇందులో చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు అన్న తేడా ఏమీ లేదు.

ఈలోగా మా అబ్బాయి నోట్ బుక్కు చివరి పేజీలో లెక్కేశాడు. సేగన్ ఆ 864 కోట్ల ఏళ్లని, విశ్వం పుట్టినప్పటి నుంచి గడిచిన కాలంలో దాదాపు సగం అన్నాడు. ఆ రోజుల్లో విశ్వం వయసు ఇదీ అని ఖాయంగా తెలీదు, ఇప్పటికంటే ఎక్కువే అనుకునేవారు. 2013లో ప్లాంక్ ఉపగ్రహం కొలతలు వచ్చాక 1380 కోట్ల దగ్గర కుదిరింది. “తాతయ్యా, ఇప్పుడది సగం కాదు, దాదాపు అరవై మూడు శాతం” అన్నాడు వాడు.

“చూశారా, సైన్సు లెక్క మారుతుంది” అన్నాడు బాబాయి గర్వంగా.

“మాది మారదు” అన్నాడు పక్కింటాయన, అంతకంటే గర్వంగా.

ఇద్దరూ తామే గెలిచామనుకున్నారు. ఈ గొడవలో వాళ్లు ఆ భాగానికే తలమానికమైన ముక్క చూడలేదు, అమ్మా నేనూ చూశాం. టైసన్‌కి పదిహేడేళ్లప్పుడు, 1975 డిసెంబరులో, సేగన్ అతన్ని కార్నెల్ యూనివర్సిటీకి పిలిచి రోజంతా దగ్గరుండి చూపించాడు. సాయంత్రం మంచు పడుతుంటే బస్టాండు దాకా తీసుకెళ్లి దింపాడు. ఇంటి ఫోను నంబరు కాగితం మీద రాసిచ్చి, బస్సు కదలకపోతే ఫోన్ చెయ్యి, రాత్రికి మా ఇంట్లో ఉందువుగాని అన్నాడు. నేనిది చెప్పగానే అమ్మ అడిగిన ప్రశ్న: “పొద్దుణ్నించీ తిప్పాడు సరే, అన్నం పెట్టాడా?”

ఇవన్నీ మా ఇంటి ముచ్చట్లే అనుకోకండి, అమెరికాలోనూ ఇదే తంతు. సేగన్ ఆ సీరియల్‌లో “బిలియన్స్ అండ్ బిలియన్స్” అన్నాడని లోకమంతా చెప్పుకుంటుంది. నిజానికి ఆ మాట ఆ 13 భాగాల్లో ఎక్కడా లేదు. అక్కడి టీవీ హాస్య వ్యాఖ్యాత జానీ కార్సన్ తన షోలో ఆయన్ని అనుకరిస్తూ అన్నది జనం సేగన్‌కి అంటగట్టేశారు. టైసన్ సీరియల్ వచ్చినప్పుడు, జీవులన్నిటినీ దేవుడే నేరుగా సృష్టించాడనే సృష్టివాదులు తమ వాదానికీ సమాన సమయం ఇవ్వాలని అడిగారు. ఓక్లహోమాలో ఒక స్థానిక స్టేషన్‌లో సరిగ్గా పరిణామ సిద్ధాంతం మాట వచ్చే చోట వార్తల ప్రకటన అడ్డం పడింది. ఆపరేటర్ పొరపాటు అన్నారు వాళ్లు. నమ్మితే నమ్మండి. నన్నడిగితే, సమాన సమయం అడిగినవాళ్లు కనీసం చెవి పెట్టి విన్నారు. “వావ్” అని ఊరుకున్నవాళ్లకంటే వాళ్లే నయం.

మన ఛానెళ్ల సంగతి ఎత్తకపోతే నాకు నిద్రపట్టదు. తెలుగు డబ్బింగ్ డాక్యుమెంటరీలు ఉన్నాయి, కాదనను. కానీ “ఈ యొక్క నక్షత్రము తన యొక్క ఇంధనమును” అంటూ ఆ గొంతు సాగదీస్తుంటే మా అమ్మే కాదు, తెలుగు పండితులు కూడా ఛానెల్ మార్చేస్తారు. ఇంట్లో ఒకరికొకరు చెప్పుకునే భాషలో రాయించడానికి ఏమొచ్చింది? ఇక గ్రహణం వస్తే చూడాలి. 2019 డిసెంబరు 26న దక్షిణాదిన వలయాకార సూర్యగ్రహణం, తమిళనాడు, కేరళ వైపు చక్కటి ఉంగరం కనబడింది. మన వార్తా ఛానెళ్లలో పొద్దుణ్నించీ ఏ రాశివాళ్లు ఏ దానం చెయ్యాలన్న చర్చ, మధ్యమధ్యలో పళ్లెంలో నిలబెట్టిన రోకలి. ఆ రోకలి మామూలు రోజున కూడా నిలబడుతుందని ఒక్కడైనా నిలబెట్టి చూపించొచ్చు కదా!

సరే, మీరు కొత్తగా మొదలుపెడుతుంటే, మొదటి భాగం కాదు, 2014 సీరియల్‌లో ఎనిమిదోది పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లని తప్పకుండా కూర్చోబెట్టండి. అది కృత్తికలతో మొదలవుతుంది. తెర మీద ఆ చుక్కల గుత్తి కనబడగానే అమ్మ “ఇది పిల్లలకోడి కదే, కార్తీకంలో దీపాలు పెట్టే వేళకి తూర్పున వస్తుంది” అంది. అందులో అమెరికా ఆదివాసులైన కయోవా తెగవాళ్ల కథలో ఎలుగుబంట్లు ఆడపిల్లల్ని తరుముతాయి, గ్రీకుల కథలో వేటగాడు తరుముతాడు. “తరమకపోతే కథే రాదా వీళ్లకి? మన కృత్తికలు శుభ్రంగా కుమారస్వామిని పెంచారు” అని తీర్పు చెప్పేసింది.

ఆ తర్వాతే అసలు కథ, సెసీలియా పేన్ అనే ఖగోళశాస్త్రవేత్తది. హార్వర్డ్‌లో కూర్చుని నక్షత్రాల్లో ఉన్నది దాదాపుగా హైడ్రోజన్, హీలియమేనని 1925లో తేల్చింది. హెన్రీ నోరిస్ రసెల్ అనే పేరున్న ఖగోళశాస్త్రవేత్త అది కుదరదన్నాడు. దాంతో తన ఫలితం దాదాపు ఖాయంగా నిజం కాదని ఆవిడ తన సిద్ధాంత గ్రంథంలో తనే రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్లకి రసెల్ వేరే దారిలో వెళ్లి అదే తేల్చాడు. పేన్ వాడిన సూత్రం మన భౌతికశాస్త్రవేత్త మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చినదని బాబాయి గుర్తుచేశాడు. ఏళ్ల తరబడి క్లాసులో చెప్పిన మనిషి కదా, గొంతు కాస్త లేచింది.

“అదీ! మనవాడే!” అన్నాడు పక్కింటాయన. ఆ ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

“సాహా మనవాడు సరేనయ్యా,” అంది అమ్మ. “కష్టపడి కనిపెట్టి కూడా తప్పేమోనని రాసుకుందే, మరి ఆ అమ్మాయి ఎవరి పిల్ల?”

బాబాయి ఏం మాట్లాడలేదు. పక్కింటాయన వార్తలు పెట్టమన్నాడు.