కావలిలో అమ్మానాన్నలు, ఫోన్‌లో డాక్టరు

కొత్తగా డల్లాస్ వచ్చినవాళ్లు ఉద్యోగం కాస్త కుదురుకోగానే అడిగే సందేహం ఒకటుంది. "అన్నా, అమ్మానాన్న కావలి దగ్గర ఊళ్లో ఉన్నారు. ప్రతిసారీ నెల్లూరు తీసుకెళ్లేవాళ్లు లేరు. డాక్టరుకి ఫోన్‌లోనే చూపిస్తే సరిపోదా?"

చాలావరకు సరిపోతుంది. అయితే మీరు కొని పంపే ఖరీదైన ట్యాబ్ వల్ల కాదు. వీడియో కాల్‌లో నాన్న పక్కన ఎవరు కూర్చుంటారన్నదాన్ని బట్టే సగం పని తేలిపోతుంది.

డాక్టరు అడిగేవి చూడండి. బీపీ ఎంత, షుగరు ఎంత, ఏ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు. నాన్నేమో "తెల్లమాత్రయ్యా, పొద్దున్నే వేసుకునేది" అంటారు. ఇక ఆ డాక్టరు ఏం రాస్తాడు? పక్కింటి అమ్మాయో, ఆశా కార్యకర్తో కూర్చుని స్ట్రిప్పు వెనక్కి తిప్పి కెమెరాకి చూపిస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. మెడికల్ షాపులో కత్తిరించి ఇచ్చే ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది. అందుకే పాత చీటీ కూడా దగ్గర పెట్టించండి. ఇంట్లో బీపీ మిషను ఒకటి ఉండాలి, దాన్ని చూడటం వచ్చినవాళ్లు ఒకరుండాలి.

వీడియో కాల్‌లో డాక్టరుకి చూపించుకునే సర్కారువారి సేవ ఈ-సంజీవని కూడా మొదట ఈ పద్ధతిలోనే వచ్చింది. 2019 నవంబరులో మొదలైనప్పుడు, ఊరి ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది రోగిని పక్కన కూర్చోబెట్టుకుని దూరంగా ఉన్న డాక్టరుతో మాట్లాడేవారు. ఇంట్లోనుంచే నేరుగా మాట్లాడే సౌకర్యం కరోనా వచ్చాక, 2020 ఏప్రిల్‌లో వచ్చింది. దీనికి ఫీజు లేదు. మీవాళ్లకి మొదటి పద్ధతే నయం. ముందు ఊళ్లో క్లినిక్ ఏ వేళల్లో తెరుస్తారో కనుక్కోండి.

ఇంకో చిక్కు నమ్మకం. చెయ్యి పట్టుకుని చూడందే, ఓ సూదిమందు వెయ్యందే వైద్యం జరిగినట్టే ఉండదు మన పెద్దవాళ్లకి. పిలిస్తే బండి మీద ఇంటికొచ్చే ఆర్ఎంపీ ముందు మీ యాప్ ఏపాటిది? వాదించకండి. మొదటిసారి నెల్లూరో ఒంగోలో తీసుకెళ్లి నేరుగా చూపించండి, తర్వాత అదే డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడించండి. మొహం తెలిసిన డాక్టరైతే వాళ్లే ఫోన్ అడిగి తీసుకుంటారు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనలు కూడా కొత్త రోగికంటే మళ్లీ వచ్చిన రోగికి మందులు రాయడంలో డాక్టరుకి కొంత వెసులుబాటు ఇచ్చాయి. మత్తు కలిగించే కొన్ని మందులు మాత్రం ఫోన్‌లో రాయకూడదు. ఎంత బతిమాలినా లాభం లేదు.

మీరు కూడా ఆ కాల్‌లో ఉండాలని ఉబలాటపడతారు. వద్దు. మూత్రం మంట గురించి కొడుకు వింటుంటే అమ్మ నోరు విప్పదు. పైగా ఒంగోల్లో పొద్దున పదైతే వేసవిలో డల్లాస్‌లో రాత్రి పదకొండున్నర. నిద్రమత్తులో మీరు అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పడానికే డాక్టరు టైమంతా పోతుంది. కాల్ అయ్యాక చీటీ ఫొటో పంపమనండి, చాలు. గుండె నొప్పి, మూతి వంకర పోవడం, ఆయాసం అయితే ఏ వీడియోలూ వద్దు, 108కి కొట్టమనండి.

ఇక మీ సంగతి. జలుబుకీ దద్దుర్లకీ ఇక్కడి వర్చువల్ విజిట్ హాయి, కానీ ముందు మీ ఇన్సూరెన్సులో కోపే, అంటే మీ జేబులోంచి కట్టాల్సిన వాటా, ఎంతో చూసుకోండి. నెల్లూరు డాక్టరు వాట్సాప్‌లో రాసిన చీటీ ఇక్కడి ఫార్మసీలో చెల్లదు. ఇక్కడి డాక్టరుకి కూడా మామూలుగా రోగి ఆ సమయానికి ఉన్న రాష్ట్రపు లైసెన్సు ఉండాలి. అందుకే కాల్ మొదట్లోనే ఎక్కడున్నారని అడుగుతారు. సెలవులకి కాలిఫోర్నియా వెళ్లుంటే కాలిఫోర్నియా అనే చెప్పండి.