వెబ్‌లో కత్తిరింపులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పదిమందిమి వాట్సాప్‌లో వ్యాసాలు పంచుకుంటాం. "మూడో పేరాలో ఆయనన్న మాట చూశారా" అని ఒకరు అడిగితే, అది ఏ వ్యాసమో వెతుక్కోవడానికే పొద్దు సరిపోతోంది. వాక్యం పక్కనే మాట్లాడుకునే సదుపాయం ఏదైనా ఉందా?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: ఉందండీ. వెబ్‌పేజీలోని వాక్యం పక్కనే వ్యాఖ్యలు రాసుకునే హైపోథిసిస్ అనే సేవ మీ అవసరానికి సరిగ్గా సరిపోతుంది. మీరు రాసుకోవడానికి ఉచితం. వారి సైట్లో ఖాతా తెరిచి, కంప్యూటర్‌లోని క్రోమ్‌కు వారి ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) తగిలించుకోండి. ఏదైనా వ్యాసం తెరిచి ఆ ఎక్స్‌టెన్షన్ బొమ్మ నొక్కితే కుడిపక్కన ఒక పట్టీ వస్తుంది. దాని పైభాగంలో "పబ్లిక్" అని ఉన్నచోట నొక్కి, కొత్త ప్రైవేటు గ్రూపు చేసుకోండి. వచ్చిన ఆహ్వాన లింకును మిగతావారికి పంపండి. ఆ లింకు ఎవరి చేతిలో పడితే వారు చేరిపోవచ్చు, కాబట్టి పెద్ద వాట్సాప్ గ్రూపుల్లో వేయకండి.

ఇక వాడకం. వాక్యాన్ని ఎంచుకోగానే రెండు బటన్లు కనిపిస్తాయి: యానొటేట్, హైలైట్. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. హైలైట్ నొక్కితే వచ్చే పసుపు రంగు మీకు తప్ప ఇంకెవరికీ కనపడదు. "నేను గీత గీశాను కదా, మీకు కనిపించలేదా" అన్న గొడవలకు మూలం అదే. నలుగురికీ చూపాలంటే యానొటేట్ నొక్కి, ఒక్క ముక్కైనా రాసి, గ్రూపుకు పోస్టు చేయాలి. ఆ పోస్టు బటన్ పక్క బాణంలో "ఓన్లీ మీ" ఎంచుకుని ఉంటే అదీ మీకే మిగులుతుంది.

రాసేముందు పట్టీ పైన మీ గ్రూపు పేరే ఉందో లేదో చూసుకోండి. పబ్లిక్‌లో ఉండగా రాస్తే ప్రపంచమంతా చదవొచ్చు. పైగా పబ్లిక్‌లో రాసినదానిపై హక్కులు వదులుకున్నట్టే లెక్క, ఎవరైనా వాడుకోవచ్చు. పొరపాటున అక్కడ పడితే మాటలు కాపీ చేసుకుని, అక్కడ చెరిపేసి, గ్రూపులో మళ్లీ రాయడమే తేలిక.

ఇంకో చిక్కు: సైటువారు ఆ వాక్యాన్ని దిద్దితే మీ వ్యాఖ్య ఏమవుతుంది? మీరు ఎంచుకున్న మాటలతో పాటు వాటికి ముందూ వెనకా ఉన్న కొన్ని అక్షరాలను కూడా ఈ సేవ గుర్తుపెట్టుకుంటుంది. చిన్న మార్పైతే చోటు కనిపెట్టేస్తుంది. వాక్యమే పోతే వ్యాఖ్య "ఆర్ఫన్స్" అనే వేరే వరుసలోకి వెళ్తుంది తప్ప మాయం కాదు. మీరు ఎంచుకున్న పాత వాక్యం దాంతోనే ఉంటుంది కాబట్టి, పత్రిక ఏమి మార్చిందో కూడా బయటపడుతుంది. మాకు నచ్చే గుణం ఇదే.

అందరూ ఒకే లింకు తెరవాలన్నది మరవకండి. ఒకరు మొబైల్ చిరునామా, ఇంకొకరు మామూలు చిరునామా తెరిస్తే ఒకరి వ్యాఖ్యలు మరొకరికి కనపడకపోవచ్చు.

ప్రశ్న: పాకెట్ మూతపడింది. ఏళ్లతరబడి దాచుకున్నవి పోయినట్టేనా? ఇప్పుడు ఎక్కడ దాచాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

జవాబు: తర్వాత చదువుకోవడానికి వ్యాసాలు దాచుకునే పాకెట్ సేవను, దాన్ని నడిపిన మోజిల్లా 2025 జూలై 8న ఆపేసింది. గడువులోగా ఎగుమతి చేసుకున్నవారికి దక్కిన ఫైల్లో ఉన్నవి శీర్షికలు, లింకులు, తేదీలు, ట్యాగులు. వ్యాసం పాఠం లేదు. లింకు దాచుకోవడం వేరు, వ్యాసం దాచుకోవడం వేరు అని చాలామందికి అప్పుడే తెలిసొచ్చింది.

మీ దగ్గర ఆ ఫైలుంటే, లింకులు దాచుకునే మరో సేవ రెయిన్‌డ్రాప్‌లోకి దిగుమతి చేసుకోవచ్చు. ఉచిత ఖాతాలో ఎన్ని లింకులైనా పెట్టుకోవచ్చు కానీ, పేజీ నకలు అట్టేపెట్టడం డబ్బు కట్టినవారికే. నకలు మీ దగ్గరే ఉండాలంటే సింగిల్‌ఫైల్ ఎక్స్‌టెన్షన్ మేలు: ఒక్క నొక్కుతో బొమ్మలతో సహా పేజీ మొత్తం ఒకే ఫైలుగా మీ కంప్యూటర్‌లో దిగుతుంది, నెట్ లేకున్నా తెరుచుకుంటుంది. ఇతరులకు చూపాల్సిన సాక్ష్యమైతే, వెబ్‌పేజీల పాత నకళ్లను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్ సైట్లో "సేవ్ పేజ్ నౌ" డబ్బాలో లింకు అతికించండి. వచ్చే చిరునామాలోని 14 అంకెలు ఆ నకలు తీసిన తేదీ, సమయం. అది గ్రీనిచ్ సమయం. హైదరాబాదులో తెల్లవారుజామున దాచినవాటి మీద ముందురోజు తేదీ పడుతుంది, కంగారు పడొద్దు.

ప్రశ్న: ఈ-పేపర్ నుంచి కత్తిరించిన వార్తలు వందలున్నాయి. పేరు కొట్టి వెతికితే ఒక్కటీ దొరకదు.
– పోటీ పరీక్షల అభ్యర్థి, ఒంగోలు

జవాబు: అవి బొమ్మలు, అక్షరాలు కావు. కత్తెర గుర్తుతో మీరు తీసేది ఫొటో లాంటిదే. అదే వార్త పత్రిక వెబ్‌సైట్లో పాఠంగా ఉందేమో ముందు చూడండి, ఉంటే దాన్నే దాచండి. లేకపోతే గూగుల్ లెన్స్‌తో పాఠం తీయించవచ్చు. కానీ వత్తులు, సున్నాలు, అంకెలు అసలుతో సరిపోల్చుకోవాలి. పరీక్షకు చదివేవారికి ఒక్క అంకె తేడా చాలు మార్కు పోవడానికి. పాత పీడీఎఫ్‌లలో మరో తంటా. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాల పద్ధతి) కాని ఫాంట్లతో కూర్చినవైతే కాపీ చేసినప్పుడు ఇంగ్లిషు అక్షరాల గందరగోళం వస్తుంది. వాటికీ లెన్సే గతి.

ఉన్న వందల బొమ్మలకూ ఫైలు పేరు మార్చుకోండి: తేదీ, పత్రిక, ఎడిషన్, పేజీ, రెండు ముఖ్యపదాలు. "2025-03-14 పత్రిక ఒంగోలు 5 సాగునీరు" అన్నట్టు. ఏడాదిని ముందు పెడితే ఫైళ్లు వాటంతటవే తేదీల వరుసలో ఉంటాయి.

ప్రశ్న: క్రోమ్‌లో వాక్యానికి నేరుగా లింకు కాపీ చేస్తే బారెడు చెత్త వస్తోంది. తప్పెక్కడ?
– గృహిణి, విజయనగరం

జవాబు: తప్పేమీ లేదు. లింకులో ఒక్కో తెలుగు గుర్తు, అంటే అక్షరమైనా గుణింతమైనా, 9 అక్షరాలుగా మారుతుంది. "తెలుగు" అన్న మాటలో 3 హల్లులు, 3 గుణింతాలు, మొత్తం 54. వాక్యమంతా కాకుండా, ఆ పేజీలో మరోచోట రాని రెండు మూడు మాటలే ఎంచుకోండి. లింకుతో పాటు ఆ వాక్యాన్ని కూడా విడిగా టైపు చేసి పంపండి. వార్తా యాప్‌లో తెరుచుకుంటే ఆ వాక్యం మీద రంగు పడకపోవచ్చు, అప్పుడు మీరు టైపు చేసిన వాక్యమే ఆధారం.