అత్తగారితో విశాఖ టూర్

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. విశాఖ చూడాలని ఆవిడ కోరిక. గైడ్ ఉండే ఒక్కరోజు బస్సు టూర్‌కి తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండమ్మా. సోమవారం మాత్రం వద్దు, ఆ రోజు కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి సెలవు. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన ఓడ అది. పొడవు 91 మీటర్లు. ఇప్పుడు ఆర్కే బీచ్ ఒడ్డున నిలబెట్టారు. లోపల దారి బాగా ఇరుకు. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లాలంటే గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. మీ అత్తగారికి అది కష్టం. పిల్లలూ మీరూ వంతులవారీగా చూసి రండి, ఆవిడ దగ్గర ఒకరు ఉండండి. మా అమ్మ అలాగే బయట కూర్చుని సముద్రం చూసింది, ఎంత మురిసిపోయిందో! కైలాసగిరికి రోప్‌వే ఉంది కాబట్టి మెట్ల టెన్షన్ లేదు. ఎక్కడ ఎంతసేపు ఆపుతారో, గైడ్ తెలుగులో చెబుతారో లేదో టికెట్ కొనేముందే అడగండి. పెద్దవాళ్లకి అర్థం కాని టూర్ నాకు అస్సలు నచ్చదు.